అన్‌లోడర్ వాల్వ్ మాటిమాటికీ ఎందుకు పోయిందంటే: మా సర్వీసింగ్ షెడ్డులో నా అనుభవం

పోయిన ఏడాది శ్రావణంలో ఒక ఆదివారం రాత్రి, షెడ్డు ముందు మూడు చేపల లారీలు వరసగా నిలబడి ఉండగా, మా ప్రెషర్ పంపు అన్‌లోడర్ వాల్వ్, అంటే నీళ్ళ గన్నులు మూసినప్పుడు నీళ్ళని వెనక్కి మళ్ళించే భాగం, మళ్ళీ పోయింది. బిగించి సరిగ్గా 19 రోజులు. ఏడాది లోపల అది నాలుగోది.

మాది కైకలూరు దగ్గర రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసులో సర్దుకుని కలకత్తా, గౌహతి దాకా వెళ్ళొచ్చే లారీలే మాకు ఎక్కువ. ఆ బళ్ళు కడగడం కారు కడిగినట్టు ఉండదు. చేప నీళ్ళు, పొలుసు బాడీ సందుల్లో ఎండి పట్టేస్తాయి, గట్టి ప్రెషర్ తగిలితే తప్ప వదలవు. డ్రైవర్ రాత్రికి కడిగించుకుని తెల్లారేసరికి చెరువు గట్టు మీద లోడుకి ఉండాలి. పంపు ఆగిందంటే మా పని మాత్రమే కాదు, అతని ట్రిప్పు కూడా ఆగిపోతుంది, ఆ టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

మాది మూడు ప్లంజర్ల పంపు, అంటే మూడు కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్ళు తోస్తాయి. బెల్టు మీద 10 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు, నిమిషానికి 30 లీటర్లని ప్లేటు మీద కొట్టి ఉంటుంది. మొదట్లో రెండు గన్లే. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. రెండేళ్ళ కిందట బళ్ళు పెరిగాయని ర్యాంపు కింద చాసిస్ కడగడానికి మూడో గన్ను పెట్టించాను. పంపు దగ్గర్నుంచి గోడ వెంట 20 మీటర్ల స్టీలు పైపు, దానికి మూడు చోట్ల హోసులు.

మొదటి వాల్వ్ నాలుగేళ్ళు నడిచింది. మూడో గన్ను పెట్టాక కూడా కొన్నాళ్ళు బాగానే ఉంది, అందుకే నాకు ఆ గన్ను మీద అనుమానం రాలేదు. ఆ వాల్వ్ పోయాక వేసిన కొత్తది ఐదు నెలలు, తర్వాతది మూడు నెలలు, ఆ తర్వాతది నెలన్నర, చివరిది 19 రోజులు. ఒక్కోటి నాలుగు వేల పైనే. డబ్బుకంటే కూడా, ఒకదానికంటే ఒకటి తొందరగా పోతుండటం చూస్తే భయం వేసింది. ఏదో ముదురుతోందని తెలుస్తోంది, అదేంటో తెలియడం లేదు.

అసలు ఈ వాల్వ్ ఏం చేస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే నేను కూడా ఐదేళ్ళు షెడ్డు నడిపాక గానీ సరిగ్గా తెలుసుకోలేదు. ప్లంజర్ పంపు తిరుగుతున్నంతసేపూ నీళ్ళు తోస్తూనే ఉంటుంది, గన్ను మూశామని దానికి తెలియదు. గన్నులు మూయగానే లైన్‌లో ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్ అన్‌లోడర్ లోపలి పిస్టన్‌ని తోస్తుంది, బైపాస్ దారి తెరుచుకుని నీళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయి. పంపు మీద బరువు దిగిపోతుంది. అదే సమయంలో లోపల ఉండే, నీళ్ళని ఒకవైపే పోనిచ్చే చిన్న చెక్ వాల్వ్ మూసుకుని, గన్నుల వైపు ఉన్న ప్రెషర్‌ని బయటికి పోనివ్వకుండా బంధిస్తుంది. ఆ బంధించిన ప్రెషరే పిస్టన్‌ని పట్టుకుని బైపాస్‌ని తెరిచి ఉంచుతుంది. ఎవరో ఒకరు గన్ను నొక్కగానే ఆ ప్రెషర్ దిగి, బైపాస్ మూసుకుని, నీళ్ళు మళ్ళీ గన్నుకి వస్తాయి. అన్ని రకాలూ ఇలాగే ఉండవు, నీటి ధారను బట్టి పనిచేసేవి కూడా ఉన్నాయి గానీ, అవి ఒక్క గన్ను మిషన్లకి నప్పుతాయి. మూడు గన్నుల్లో ఒకటి మూసి రెండు తెరిచి ఉన్నప్పుడు ఎంత మిగిలితే అంతే వెనక్కి పంపాలి కాబట్టి, మాలాంటి వాళ్ళకి ప్రెషర్‌ని బట్టి పనిచేసే రకమే సరైనది. మాది అదే రకం. అంటే వాల్వ్ ఎంపికలో తప్పు లేదు.

ఆ ఆదివారం రాత్రి వాల్వ్ విప్పి లైటు కింద పెట్టి చూశాను. స్టీలు సీటు (వాల్వ్ మూసుకునేటప్పుడు ఆనే వలయం) మీద ఒక పక్కన సన్నటి గీత. వెంట్రుకతో కోసినట్టు, లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా. కంటికి సరిగ్గా ఆనలేదు, గోరు పెట్టి గీస్తే తట్టింది. ఓరింగు, అంటే నీళ్ళు కారకుండా వేసే రబ్బరు వలయం, ఒక పక్క నమిలి ఉమ్మేసినట్టు పీచులు పీచులుగా ఉంది. పిస్టన్ వెలుపల మాత్రం అద్దంలా మెరుస్తోంది, అంటే అది బాగా ఎక్కువగా ఆడుతోంది. అంతకుముందు పోయిన మూడు వాల్వులూ ఒక డబ్బాలో పడేసి ఉంచాను, అవి కూడా తీసి పక్కన పెట్టాను. నాలుగింట్లో అదే గీత, అవే పీచులు. ఆ నాలుగూ పక్కపక్కన చూశాక ఇది వాల్వ్ తయారీ తప్పు కాదని మొదటిసారి అనిపించింది. రెండు వేరే వేరే షాపుల్లో కొన్నవి, రెండు వేరే కంపెనీలవి, ఒకేలా చావవు కదా.

అంతకుముందు నేను చేసిన ప్రయత్నాలు కూడా చెప్తాను, వేరేవాళ్ళు అవే చేసి ఆగిపోతున్నారు కాబట్టి. మొదట డూప్లికేట్ సరుకు అనుకుని షాపు మార్చాను. తర్వాత నీళ్ళ మీద పడ్డాను. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు, ఇత్తడిని తినేస్తాయి, అందుకని పంపు ముందు సన్న జల్లెడ ఫిల్టరు పెట్టి, సీటు స్టీలుదే తీసుకున్నాను. దాని వల్ల పంపు లోపలి వాల్వులు బాగుపడ్డాయి, అది వృథా కాలేదు, అన్‌లోడర్ మాత్రం అలాగే పోయింది. మూడోది, అన్నిటికంటే ప్రమాదమైనది: ప్రెషర్ తగ్గిందని కుర్రాళ్ళు చెప్పినప్పుడల్లా మేస్త్రీ వచ్చి వాల్వ్ మీద స్క్రూ ఒక చుట్టు బిగించి వెళ్ళేవాడు. నేను పక్కనే ఉండి బిగించమనేవాణ్ణి.

ఆ బిగింపు వల్ల ఏం జరిగిందో ఆషాఢంలో ఒకరోజు చూశాం. మూడు గన్నులూ ఒకేసారి వదిలారు, కుడి పక్క హోసు ఫిట్టింగు దగ్గర పగిలింది. ఆ హోసు పాములా లేచి గోడకి కొట్టింది, సిమెంటు పెచ్చు ఊడిపడింది. మా కుర్రాడు అక్కడికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఆ ప్రెషర్‌లో నీటి ధార దగ్గర్నుంచి తగిలితే చర్మం కోసుకుని లోపలికి వెళ్ళిపోతుంది, పైకి చిన్న గాయంలా కనిపించినా లోపల పాడైపోతుంది, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన దెబ్బ అది. వాడు ‘ఏం కాలేదన్నా’ అంటూనే ఉన్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మధ్య మోటారు కూడా మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. 15 ఆంప్స్ దాటకూడని మోటారు ఒక్క గన్నుతో నడిపినప్పుడు 19 చూపించింది. కరెంటు వోల్టేజీ అనుకున్నాం.

ఆదివారం తర్వాత రోజు ఆ నాలుగు వాల్వులూ సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ హైడ్రాలిక్ హోసులు వత్తే ఒక షాపులో పెద్దాయన ఒకరున్నారు. కొత్త వాల్వ్ అడుగుదామని వెళ్ళినవాణ్ణి. ఆయన వాల్వులు ఒక్కొక్కటీ తీసి చూసి, అమ్మే మాటే ఎత్తకుండా, ‘బాబూ, మీ ప్రెషర్ గేజి ఎక్కడ పెట్టారు?’ అని అడిగారు.

‘పంపు హెడ్డు మీదుందండీ.’

‘వాల్వ్ దాటాక లైన్ మీద?’

‘లేదండీ.’

‘అయితే గన్నులు మూసినప్పుడు లైన్‌లో ఏం జరుగుతోందో మీకెలా తెలుస్తుంది? గన్ను మూస్తే పంపు గేజి పడిపోతుంది, పడిపోవాలి కూడా. మీరు చూడాల్సింది అవతల. ముందు గేజి పెట్టి చూడండి, ఆ తర్వాత వాల్వ్ కొందురు గాని.’

నాకైతే ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయింది. 250 బార్ల దాకా (బార్ అంటే ప్రెషర్ కొలత) చూపించే గేజి, లోపల గ్లిజరిన్ ఉన్నది, ఒకటి తీసుకున్నాను. దాంతోపాటు హై ప్రెషర్ బాల్ వాల్వులు నాలుగు, మెయిన్‌కి ఒకటి, ఒక్కో గన్ను దారికి ఒక్కోటి. ఇవి ఇంట్లో ట్యాంకుకి వాడే మామూలు ఇత్తడి వాల్వులు కావు, అవి ఈ ప్రెషర్‌కి పగిలి మొహం మీదికి వస్తాయి, దయచేసి ఎవరూ అవి పెట్టొద్దు. నాలుగు వాల్వుల్లో కాస్త బాగున్నదానికి కొత్త సీటు, ఓరింగులు ఆయనే వేసిచ్చారు.

ఆ సాయంత్రం షెడ్డు మూసి, కుర్రాళ్ళని ఉంచుకుని పరీక్ష మొదలుపెట్టాం. మోటారు ఆన్ చేసి, మూడు గన్నులూ ఒకసారి నొక్కి వదిలాం. పంపు గేజి పది దగ్గరికి పడింది. కొత్త గేజి మాత్రం పైనే ఆగింది. బాగానే ఉందనుకునేలోపల ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. సుమారు 15 సెకన్లకి 30 బార్లు దిగేసరికి ‘టక్’ మని ఒక దెబ్బ, పైపు గోడ మీద అదిరింది, రెండు గేజీలూ ఒక్కసారి పైకి ఎగిరి మళ్ళీ మొదటికి వచ్చాయి. మళ్ళీ దిగడం. మళ్ళీ టక్. ఆ శబ్దం మాకు కొత్తేం కాదు, ఏడాదిగా వింటూనే ఉన్నాం, పంపు అలాగే కొట్టుకుంటుందని అనుకున్నాం. 15 సెకన్లకి ఒకటంటే గంటకి 240 దెబ్బలు. బండి దిగి బండి ఎక్కే మధ్యలో, కుర్రాళ్ళు సబ్బు పట్టించేటప్పుడు, మోటారు ఆపకుండా వదిలేసే సమయం రోజుకి మూడు గంటలు వేసుకున్నా ఏడు వందల పైనే. ఎవరూ ఒక్క గన్ను కూడా నొక్కకుండానే ఆ వాల్వ్ అన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటోంది.

అంటే బంధించిన ప్రెషర్ ఎక్కడో కారిపోతోంది. మొదట వాల్వ్ లోపలి చెక్ వాల్వే కారుతోందేమో చూడాలి. గేజి తర్వాత ఉన్న మెయిన్ బాల్ వాల్వ్ మూశాను. ముల్లు కదల్లేదు, ఐదు నిమిషాలు చూశాం. వాల్వ్ మంచిదే. మెయిన్ తెరిచి, ఎడమ గన్ను దారి మూశాను, ముల్లు దిగుతూనే ఉంది. అది తెరిచి ర్యాంపు దారి మూశాను, పెద్ద తేడా లేదు. అదీ తెరిచి కుడి గన్ను దారి మూయగానే దిగడం సగానికి పైగా తగ్గింది. ఆ గన్ను చేతిలోకి తీసుకుని నాజిల్ (ధార వచ్చే కన్నం ఉన్న మొన) కిందికి వంచి చూస్తే నీళ్ళు సన్నగా, ధార కాదు గానీ ఆగకుండా కారుతున్నాయి. షెడ్డు నేల ఎప్పుడూ తడే, గన్ను ఎప్పుడూ నేల మీదే, అందుకని ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. మిగతాది ర్యాంపు హోసు తిరిగే జాయింటు దగ్గర చెమటలా పడుతోంది.

ఇంత చిన్న కారడానికి ముల్లు అంత దిగుతుందా అని నాకు నమ్మకం కుదరలేదు. ఆటోనగర్ పెద్దాయనకి ఫోన్ చేస్తే వివరంగా చెప్పారు. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు. స్టీలు పైపు కూడా సాగదు. మా 20 మీటర్ల పైపులో ఉండే మూడున్నర లీటర్లలోంచి ఒక చెంచాడు నీళ్ళు బయటికి పోతే చాలు, 25 బార్లు పడిపోతుంది. రబ్బరు హోసులు కాస్త సాగుతాయి కాబట్టి మా లైన్ మొత్తానికి ఇంకో చెంచాడు వేసుకోవాలి, అంతే. లెక్క విన్నాక ఆ కుడి గన్నుని చూస్తే భయమేసింది.

గన్నుకి కొత్త సీళ్ళ కిట్ వేశాం, జాయింటు ఓరింగు మార్చాం. టక్ టక్ ఆగిపోయింది. కానీ మూడు గన్నులూ తెరిస్తే ప్రెషర్ ఎందుకు పడిపోతోంది, మూస్తే ఎందుకు అంత ఎగురుతోంది అన్నది మిగిలే ఉంది. గేజిని చూస్తూ ఒక్కో గన్నూ తెరిపించాను. మూడూ తెరిస్తే 50 చిల్లర. ఒక్కటే తెరిస్తే 180. అప్పుడు నాజిళ్ళు విప్పి నంబర్లు చూస్తే మూడింటి మీదా 06, అది కన్నం సైజు నంబరు.

ఇక్కడే అసలు తప్పు. 06 నాజిల్ 120 బార్ల దగ్గర నిమిషానికి 15 లీటర్లు తాగుతుంది. రెండు గన్నులకి 30, పంపు ఇచ్చేది 30, నాలుగేళ్ళు హాయిగా నడిచింది అందుకే. మూడో గన్నుకి కూడా నేను అదే 06 పెట్టించాను. మూడింటికీ 45 లీటర్లు కావాలి, ఉన్నది 30. నీళ్ళు చాలనప్పుడు ప్రెషర్ పడిపోతుంది, 120 ఉన్నది 50 చిల్లరకి రావడం లెక్క ప్రకారమే. ఆ సమయంలో అన్‌లోడర్ పూర్తిగా మూసుకునే ఉంటుంది, ఉన్న నీళ్ళన్నీ గన్నులకే పోతున్నాయి, కాబట్టి స్క్రూ ఎంత బిగించినా ఒక్క బార్ కూడా పెరగదు. పెరిగేదల్లా, గన్నులు మూసినప్పుడు అది ఏ ప్రెషర్‌కి తెరుచుకోవాలో ఆ అంకె. అలా చుట్టు మీద చుట్టు బిగించి 120 దగ్గర తెరుచుకోవాల్సినదాన్ని 180కి తీసుకెళ్ళాం. స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనిపోయే దాకా వచ్చింది, ఇంకొంచెం బిగిస్తే అసలు తెరుచుకోవడానికి చోటే ఉండేది కాదు. మోటారు 19 ఆంప్స్ లాగింది కరెంటు తప్పు వల్ల కాదు, 180 బార్లకి నీళ్ళు తోయడానికి దాని బలం చాలక. హోసు పగిలింది, సీటు మీద గీత పడింది కూడా దీని వల్లే. ఒక్క గన్ను నడిచేటప్పుడు మిగతా పదకొండు, పన్నెండు లీటర్లూ 180 బార్ల బలంతో ఆ సన్న సందులోంచి దూసుకుపోతుంటే స్టీలైనా కోసుకుపోతుంది.

మూడో గన్ను పెట్టింది నేనే. నాజిల్ నంబరు అడగాలని మేస్త్రీకి తోచలేదు, నాకూ తోచలేదు. కానీ నా షెడ్డులో, నా కుర్రాళ్ళ చేతుల్లో ఉండే మిషను కాబట్టి అడగాల్సింది నేను.

ముందు పంపు నిజంగా ఎంత ఇస్తుందో కొలిచాం. 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. బెల్టు లాగి బిగించాక 41 సెకన్లకి నిండింది, అంటే నిమిషానికి 29 లీటర్ల పైచిలుకు. మూడు గన్నులకీ 04 నాజిళ్ళు వేశాను. 100 బార్ల దగ్గర ఒక్కోటి తొమ్మిది లీటర్లు చిల్లర, మూడూ కలిపి 27 పైన. రెండు లీటర్లు ఎప్పుడూ బైపాస్‌లోంచి పోతూ ఉంటాయి. అలా కొంచెం పోతుండటమే మంచిదట, వాల్వ్ అప్పటికే కాస్త తెరిచి ఉంటుంది కాబట్టి గన్ను మూయగానే పెద్ద ఎగురు ఉండదు.

స్క్రూ సెట్ చేసే పద్ధతి కూడా ఆయన చెప్పినట్టే చేశాను. స్క్రూ బాగా వదులు చేసి, మూడు గన్నులూ తెరిచి పట్టుకోమని, బైపాస్ హోసు కొస నా కళ్ళ ముందు పెట్టుకుని, కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాను. ముల్లు 100కి వచ్చింది, బైపాస్‌లో ఇంకా సన్నగా నీళ్ళు వస్తున్నాయి, అక్కడ ఆపేశాను. మూడూ ఒకేసారి మూయిస్తే 112 దగ్గర ఆగింది. పది, పదిహేను శాతం పెరగడం మామూలే, అంతకు మించితే ఎక్కడో తేడా ఉన్నట్టు. లాక్ నట్టు బిగించి, దాని మీద ఎర్ర పెయింటుతో గీత గీశాను. ప్రెషర్ తగ్గితే ఆ గీత జోలికి ఎవరూ పోకూడదు. ముందు నాజిల్ చూడాలి, కన్నం అరిగి పెద్దదైతే ప్రెషర్ తగ్గుతుంది, దానికి మందు కొత్త నాజిలే.

బైపాస్ గురించి కూడా ఒక మాట. మాది బైపాస్ నీళ్ళు తిరిగి పంపు ఇన్‌లెట్‌లోకే వెళ్ళేలా చిన్న హోసుతో కలిపి ఉండేది. అవే నీళ్ళు గిరగిరా తిరుగుతుంటే నాలుగైదు నిమిషాల్లో పంపు హెడ్డు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది, ఓరింగులు, ప్లంజర్ సీళ్ళు ఆ వేడికి గట్టిపడిపోతాయి. దాన్ని తీసేసి ట్యాంకులోకి వేశాను. సక్షన్ పైపుకి దూరంగా, కొస నీళ్ళలో మునిగి ఉండేలా, లేకపోతే గాలి బుడగలు పంపులోకి వెళ్తాయి. మూడు నిమిషాలు ఎవరూ గన్ను ముట్టకపోతే మోటారు ఆపేయాలని కుర్రాళ్ళకి చెప్పాను.

పంపుకీ స్టీలు పైపుకీ మధ్య మూడు మీటర్ల హై ప్రెషర్ హోసు, ఆ తర్వాత ప్రెషర్ దెబ్బల్ని గ్యాసుతో మింగే చిన్న అక్యుములేటర్ కూడా పెట్టించాను, అందులో నైట్రోజన్ 50 బార్లు నింపారు, నడిచే ప్రెషర్‌లో సగం. నైట్రోజన్ తప్ప ఇంకేదీ నింపకూడదు, ముఖ్యంగా వెల్డింగు ఆక్సిజన్ అసలు దగ్గరికి రానివ్వకూడదు, నూనె తగిలితే పేలిపోతుంది. అన్నిటికంటే ముందు పెట్టాల్సిన సేఫ్టీ రిలీఫ్ వాల్వ్ మా దగ్గర ఇన్నేళ్ళూ లేదు. అన్‌లోడర్ మూసుకుపోయి ఇరుక్కుంటే నీళ్ళకి వేరే దారి ఉండాలి. ఇప్పుడు 130కి సెట్ చేసినది ఒకటి పంపు హెడ్డు మీద ఉంది. మొత్తం ఖర్చు చూసుకుంటే అంతకుముందు పోయిన నాలుగు వాల్వుల ఖర్చుకి కాస్త ఎక్కువ, అంతే.

04 వేశాక మొదటి వారం డ్రైవర్లు ధార సన్నగా ఉందన్నారు. ఒక చేపల బండి బాడీ వాళ్ళ ముందే కడిగించి చూపించాను, మూడు గన్నులూ ఒకేసారి తెరిచి. అంతకుముందు మూడూ తెరిస్తే 50 బార్ల నీళ్ళు జారిపోయేవి, ఇప్పుడు సందుల్లో పొలుసు పెచ్చులుగా ఊడి వస్తోంది.

ఆ మరమ్మతు వాల్వే ఇప్పటికీ నడుస్తోంది, పధ్నాలుగు నెలలైంది. మధ్యలో ఒకసారి ఓరింగులు మాత్రం మార్చాను, అవి కూడా పోయి కాదు, ఒకసారి విప్పి చూడాలనిపించి. సీటు మీద గోరు పెట్టి గీశాను, ఎక్కడా తట్టలేదు.

రోజూ రాత్రి చివరి బండి వెళ్ళాక మా కుర్రాడు, ఆ రోజు హోసు పక్కన నిలబడినవాడే, గన్నులు మూసి ఐదు నిమిషాలు లైన్ గేజి చూసి నోటు పుస్తకంలో రెండు అంకెలు రాస్తాడు, మొదటిది, చివరిది. నిన్న రాత్రి 112, 104 అని రాసి పక్కన ‘ఎడమ గన్ను చూడాలి’ అని పెట్టాడు. పొద్దున వెళ్ళి చూస్తే ట్రిగ్గరు కింద ఒక్కో చుక్కే పడుతోంది. కిట్ వేసి బిగించాం.